గుండె కంటే ముందే తెలిపే లోపం



ఈ పూట నేను ఎత్తుకున్న విషయం నలుగురిలో మాట్లాడుకునేది కాదని చాలామంది అనుకుంటారు. అలా అనుకోబట్టే ఎందరో మగవాళ్లు ఏళ్ల తరబడి లోలోపలే కుమిలిపోతున్నారు. అందుకే మొహమాటం పక్కన పెట్టి మాట్లాడుకుందాం. అంగస్తంభన లోపం ఎందుకు వస్తుంది, ఎవరికి ఎక్కువగా వస్తుంది అన్నదే ఇవాళ్టి సంగతి.

దంపతులు కలిసే సమయంలో పురుషాంగం తగినంత గట్టిపడకపోవడం, గట్టిపడినా చివరిదాకా నిలవకపోవడం, ఇదీ సమస్య. బాగా అలసిపోయిన రోజో, ఇంట్లో మాటామాటా పెరిగిన రోజో ఎప్పుడన్నా ఒకసారి ఇలా జరిగితే కంగారు పడనక్కర్లేదు. అది ఎవరికైనా జరిగేదే. మూడు నెలలుగా తరచూ ఇదే వరస అయితే మాత్రం కారణం వెతకాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. పిల్లలు పుట్టకపోవడం వేరు, శీఘ్రస్ఖలనం వేరు, కోరికే తగ్గిపోవడం వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఏ మందూ సరైన చోటికి చేరదు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు వైద్యం చేసే మాలాంటి వాళ్ల దగ్గరికి ఈ సమస్యతో వచ్చేవాళ్లు పేరు పెట్టి చెప్పరు. నడుం నొప్పి అంటారు, నిద్ర పట్టట్లేదంటారు, షుగర్ చీటీ చూపిస్తారు. అంతా అయ్యాక, బయట ఎవరూ వినట్లేదని చూసుకుని, "సారూ, జర నరాలు వీక్ అయినయి, ఏమన్న టానిక్ రాస్తరా?" అని అడుగుతారు. టానిక్ రాసి పంపించడం డాక్టర్‌కు సులువే. కానీ ఆ మనిషికి ఆ రోజు కావలసింది టానిక్ కాదు. బీపీ చూడాలి, రక్తంలో చక్కెర, కొవ్వు చూడాలి. నడివయసు మగవాళ్లలో ఈ లోపానికి మూలం ఎక్కువగా రక్తనాళాల్లో ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్న అసలు మాట అదే.

ఎలాగో చెబుతాను. మనసులో కోరిక కలిగినా, స్పర్శ తగిలినా, వెన్నుపాము గుండా నరాలకు కబురు వెళుతుంది. ఆ నరాల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాని ప్రభావంతో అంగంలోని నాళాల గోడలు, కండరాలు సడలుతాయి. లోపల స్పాంజిలాంటి కణజాలంలోకి రక్తం వేగంగా నిండుతుంది. నిండిన ఒత్తిడికి, రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోతాయి. అలా రక్తం లోపలే నిలవడం వల్ల అంగం గట్టిపడుతుంది. అంటే మనసు, నరాలు, హార్మోన్లు, రక్తనాళాలు నాలుగూ సరిగా పనిచేయాలి. ఏ ఒక్కటి తప్పినా తేడా తెలుస్తుంది.

రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టినందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిద్ మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికాలో సిల్డెనఫిల్ మందుకు అనుమతి దొరికింది. మనం వయాగ్రా అని వినే మందు అదే. దాన్ని మొదట పరీక్షించింది గుండెనొప్పి కోసం. గుండె కోసం మొదలుపెట్టిన మందు ఇక్కడ పనిచేయడంలో వింత లేదు. రెండు చోట్లా ఉన్నది ఒకే రకం నాళాలు.

తేడా అల్లా వాటి కొలతలో ఉంది. గుండెకు రక్తం అందించే ధమని లోపలి వెడల్పు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. అంగానికి రక్తం తెచ్చే ధమని 1 నుంచి 2 మిల్లీమీటర్లు మాత్రమే. మన వైపు రైతులకు డ్రిప్ సంగతి తెలుసు. నీళ్లలో సున్నం పేరుకుంటే మెయిన్ పైపు బాగానే పారుతుంది, ముందు మూసుకుపోయేవి మొక్క మొదట్లో ఉండే సన్నటి డ్రిప్పర్లు. ఒంట్లోనూ అంతే. కొవ్వు పేరుకోవడం, నాళం లోపలి పొర దెబ్బతినడం ఒంటినిండా ఒకేసారి జరుగుతున్నా, ముందు బయటపడేది సన్నటి నాళంలో. గుండె జబ్బు లక్షణాలు కనపడటానికి 2 నుంచి 5 ఏళ్ల ముందే చాలామందిలో అంగస్తంభన లోపం కనిపిస్తుందని వైద్యులు గమనించారు. అందుకే 45 ఏళ్ల మనిషి ఈ సమస్యతో వస్తే, ఛాతీలో నొప్పి లేకపోయినా గుండె సంగతి చూడాలంటాం.

ఇక ఎవరికి ఎక్కువగా వస్తుందో చూద్దాం. వయసుతో పాటు పెరుగుతుందన్నది నిజమే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లను పరిశీలించి 1994లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, 52 శాతం మందికి ఎంతో కొంత ఈ లోపం ఉన్నట్టు తేలింది. అంటే సగం మంది. నాకొక్కడికే ఈ గతి పట్టిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. అలాగని వయసు మీద నెపం వేసి ఊరుకోకూడదు. ఒకే వయసులో ఒకరికి వచ్చి, మరొకరికి రాకపోవడానికి మన తిండి, మన పని, మన అలవాట్లు చాలావరకు కారణం.

ఆ అలవాట్లు మన కళ్ల ముందే ఎలా మారాయో చూడండి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. మనుషులు పొద్దున్నే తోటకు నడిచి వెళ్లేవాళ్లు, పందిళ్ల కింద రోజంతా ఒంగి లేచి పనిచేసేవాళ్లు. తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. నాగపూర్ హైవే వెడల్పయింది, కండ్లకోయ, శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ లేచింది. 2016లో మేడ్చల్ పేరుతో జిల్లాయే ఏర్పడింది. భూమి అమ్మిన చేతికి డబ్బు వచ్చింది, కారు వచ్చింది, వారానికి నాలుగు దావత్‌లు వచ్చాయి. ఒంటికి పని మాత్రం పోయింది. తండ్రి తిన్నంత అన్నమే కొడుకూ తింటున్నాడు, తండ్రి నడిచిన దూరంలో పదో వంతు కూడా నడవట్లేదు.

అందుకే మొదట చెప్పుకోవలసింది షుగర్. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. షుగర్ రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. ఒకవైపు నాళాల లోపలి పొరను పాడుచేస్తుంది, మరోవైపు నరాలను మొద్దుబారుస్తుంది. షుగర్ ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి అంగస్తంభన లోపం కనిపిస్తుంది. అదీ షుగర్ లేనివాళ్ల కంటే 10, 15 ఏళ్లు ముందుగానే. కొందరికైతే షుగర్ ఉందని బయటపడేదే ఈ లోపం వల్ల. పరగడుపున చక్కెర 126 దాటినా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 దాటినా అది మధుమేహం కిందే లెక్క. షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఎంత అదుపులో ఉంది అన్నదాన్ని బట్టి నష్టం ఉంటుంది. కాబట్టి తొలి ఏళ్లలోనే అదుపులో పెట్టుకున్నవాళ్లకు మేలు ఎక్కువ.

రెండోది బీపీ. 140కి 90 దాటి ఏళ్ల తరబడి ఉంటే నాళాల గోడలు మందంగా, బిరుసుగా మారిపోతాయి. సడలమన్నా సడలవు. అదే 2023 అధ్యయనం లెక్కలో దేశంలో 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. బీపీతో వచ్చే చిక్కు ఏమిటంటే ఏ నొప్పీ ఉండదు, చూపించుకుంటే తప్ప తెలియదు. మూడోది రక్తంలో కొవ్వు. నాలుగోది పొట్ట. మన దక్షిణాసియా మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం మొదలైనట్టే. పొట్ట కొవ్వు మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది, షుగర్‌ను, బీపీని పెంచుతుంది. ఈ నాలుగూ విడివిడిగా రావు, ఒకటి వచ్చిన ఇంటికి మిగతావీ వస్తాయి.

ఇక పొగ. సిగరెట్ అయినా బీడీ అయినా నికోటిన్ నాళాలను బిగిస్తుంది, పొగలోని విషాలు నైట్రిక్ ఆక్సైడ్ తయారీని దెబ్బతీస్తాయి. రాత్రంతా లారీ నడుపుతూ నిద్ర ఆపుకోవడానికి బీడీ వెనక బీడీ కాల్చే డ్రైవర్లు, షిఫ్టు మధ్యలో ఖైనీ, గుట్కా దవడన పెట్టుకునే కార్మికులు ఈ హైవే పొడుగునా కనిపిస్తారు. నమిలే పొగాకులోనూ నికోటిన్ ఉంటుంది. పొగ తాగట్లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. పొగ మానేసినవాళ్లలో, ముఖ్యంగా వయసు తక్కువ ఉన్నవాళ్లలో, కొన్ని నెలల్లోనే మెరుగు కనిపిస్తుంది. చేతి నుంచి రూపాయి ఖర్చు కాని వైద్యం ఇది.

మద్యం గురించి మన రాష్ట్రంలో మాట్లాడక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. దేశంలోనే బాగా ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. రెండు పెగ్గులు వేస్తే ధైర్యం వస్తుందని చాలామంది నమ్మకం. వచ్చేది బిడియం తగ్గడం ఒక్కటే. మోతాదు పెరిగిన కొద్దీ మెదడు నుంచి వెళ్లే కబురే మందగిస్తుంది. ఏళ్ల తరబడి తాగితే కాలేయం చెడి, మగ హార్మోన్ తగ్గి, ఆడ హార్మోన్ పాలు పెరుగుతుంది. వృషణాలు చిన్నవవుతాయి, రొమ్ములు పెరుగుతాయి. కల్లు మంచిదే కదా అంటారు కొందరు. చెట్టు కల్లు మాట వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న కేసులు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఏళ్ల తరబడి ఆ మత్తులో ఉన్న ఒంటికి కోరికా తగ్గుతుంది, పటుత్వమూ తగ్గుతుంది. ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు. అందుకే కల్తీ కల్లు అలవాటైనవాళ్లు డాక్టర్ సాయంతోనే మానాలి.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. మేడ్చల్ పారిశ్రామికవాడలో, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో, గోదాముల్లో వారం వారం షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారయ్యేది నిద్రలోనే. నిద్ర చెడితే అదీ తగ్గుతుంది, ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లకు స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. దాన్ని పక్కన పడుకునే ఇల్లాలే ముందుగా గుర్తు పడుతుంది. దానికీ ఈ లోపానికీ దగ్గర సంబంధం ఉంది.

ఇప్పుడు మందుల వల్ల వచ్చేది. బీపీకి వాడే ఎటెనొలాల్ లాంటివి, నీరు తీసే థయజైడ్ మాత్రలు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు, మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు, జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టెరైడ్, ఇవి కొందరిలో ఇబ్బంది తెస్తాయి. కండలు త్వరగా రావాలని జిమ్ కుర్రాళ్లు వేసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లది మరో కథ. బయట నుంచి హార్మోన్ వచ్చి పడుతుంటే వృషణాలు సొంత తయారీ ఆపేస్తాయి. ఇంజెక్షన్ మానేశాక నెలల తరబడి ఇబ్బంది పడతారు. ఇక్కడ ఒక హెచ్చరిక. నా మాట విని బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి. అదుపు తప్పిన బీపీ చేసే నష్టం మాత్ర చేసే నష్టం కంటే చాలా పెద్దది. డాక్టర్‌కు చెబితే మందు మార్చి ఇస్తారు. మార్చడానికి మందులు చాలానే ఉన్నాయి.

దెబ్బలు, ఆపరేషన్లు కూడా కారణమే. బండి మీద నుంచి పడి కటి ఎముక విరిగినా, వెన్నుపాముకు దెబ్బ తగిలినా అక్కడి నరాలు, నాళాలు తెగిపోవచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్, పురీషనాళం ఆపరేషన్ల తర్వాత కొందరిలో ఈ సమస్య వస్తుంది. థైరాయిడ్, మూత్రపిండాల జబ్బు, మెదడులో పిట్యూటరీ గ్రంథి తేడాలు కూడా ఉంటాయి గానీ, ఇవి అంత ఎక్కువ కాదు.

ఇక మనసు. పాతిక, ముప్పై ఏళ్ల కుర్రాళ్లలో ఎక్కువగా చూసేది ఇదే. శోభనం రాత్రి తలుపు బయట చుట్టాలు, లోపల ఇద్దరు కొత్త మనుషులు, ఒంటినిండా పెళ్లి అలసట. ఆ రాత్రి జరగలేదంటే కుర్రాడు మర్నాటి నుంచి భయపడటం మొదలుపెడతాడు. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అది నాళాలను బిగిస్తుంది, మళ్లీ విఫలమవుతాడు, భయం రెట్టింపవుతుంది. దీనికి తోడు హస్తప్రయోగం చేశాను కాబట్టి ధాతువు పోయింది, నరాలు చచ్చిపోయాయి అనే అపోహ. అది శుద్ధ అబద్ధమని విజయవాడ డాక్టర్ గోపరాజు సమరం లాంటివాళ్లు దశాబ్దాలపాటు తెలుగు పత్రికల్లో రాస్తూనే వచ్చారు, అయినా ఆ భయం పోలేదు. అప్పులు, ఈఎంఐలు, ఉద్యోగం పోతుందన్న బెంగ, డిప్రెషన్, దంపతుల మధ్య మాటలు లేకపోవడం కూడా ఇందులోకే వస్తాయి.

మనసు వల్లా, ఒంటి వల్లా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఆరోగ్యవంతుడైన మగవాడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు అంగం దానంతట అదే గట్టిపడుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు అది తెలుస్తుంది. ఆ స్తంభన బాగానే ఉంటూ, భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది వస్తుంటే, అది హఠాత్తుగా మొదలైతే, మనసు కారణం కావచ్చు. ఏళ్ల మీద మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, పొద్దుటి స్తంభన కూడా పోతే నాళాలనో నరాలనో అనుమానించాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. షుగర్‌తో మొదలైనది బెంగతో ముదురుతుంది.

ఇన్ని కారణాలు ఉన్నప్పుడు అందరికీ ఒకే పొడి ఎలా పనిచేస్తుంది? హైవే పక్కన గుడారాలు వేసుకుని వేర్లు, సీసాలు పేర్చి అమ్మేవాళ్లు, గోడల మీద రహస్య రోగాలకు గ్యారంటీ వైద్యం అని రాయించేవాళ్లు మనకు కొత్త కాదు. లైంగిక శక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. మూలికల పొడి అని అమ్మే కొన్నింటిలో సిల్డెనఫిల్ కలిపి అమ్మడం చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. ఒకటి రెండు రోజులు పనిచేసినట్టు అనిపించేది అందుకే. కానీ గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు తెలియక ఆ పొడి తింటే, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే మాత్రకూ ఇదే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. మాత్రతో పని జరిగిపోతే, లోపల పెరుగుతున్న షుగర్‌ను, మూసుకుపోతున్న గుండె నాళాన్ని ఎవరూ చూడరు.

మన పల్లెల్లో ఆడవాళ్ల ఆరోగ్యం అడిగేవాళ్లు ఉన్నారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి గర్భిణిని పలకరిస్తుంది. ఘనాపూర్‌లోని మెడిసిటీ ప్రాంగణం నుంచి షేర్ ఇండియా సంస్థ మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లలో గర్భిణుల, పసిపిల్లల వివరాలు ఇంటింటికీ తిరిగి నమోదు చేసింది. నలభై దాటిన మగవాడిని మాత్రం ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. కాబట్టి అతనే వెళ్లాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో ఉచితం. టెస్టోస్టిరాన్ పరీక్ష అవసరమని డాక్టర్ చెబితే, పొద్దున 8 నుంచి 10 గంటల మధ్య రక్తం ఇవ్వండి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. ఒక్కసారి తక్కువ వస్తే నిర్ధారించకూడదు, ఇంకో రోజు మళ్లీ చేయించాలి. ఆరోగ్య కేంద్రంలో తేలకపోతే గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలు ఉన్నాయి.

బాగుపడతారా అంటే, చాలామంది బాగుపడతారు. ఇటలీలో ఊబకాయం ఉండి ఈ లోపంతో బాధపడే 110 మందిని రెండేళ్లు పరిశీలించి 2004లో ఫలితాలు చెప్పారు. తిండి తగ్గించి, నడక, వ్యాయామం శ్రద్ధగా చేయించిన వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి లోపం పోయింది. మామూలు సలహాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 5 శాతం మందికే పోయింది. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున చమట పట్టేలా నడిస్తే చాలు. శామీర్‌పేట చెరువు కట్ట మీదైనా, వెంచర్‌లో వేసిన ఖాళీ రోడ్ల మీదైనా నడవచ్చు. ఆ తర్వాతా అవసరమైతే మాత్రలున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, వాటికీ లొంగకపోతే ఇంజెక్షన్లు, ఆపరేషన్ దాకా మార్గాలున్నాయి. ఏది ఎవరికన్నది గుండె పరిస్థితి చూసి డాక్టర్ నిర్ణయించాలి.

ఇంట్లో వింటున్న ఆడపడుచులకు ఒక మాట. ఆయన దూరం జరుగుతున్నాడంటే మనసు మళ్లిందని అనుకోకండి. చెప్పుకోలేక జరుగుతుండొచ్చు. ఎద్దేవా చేస్తే ఇంకా ముడుచుకుపోతాడు. డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం అంటే సగం భయం తగ్గుతుంది.

మగవాళ్లకు చివరగా చెప్పేది ఇది. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు నడుం నొప్పితో మొదలుపెట్టకండి. ఎన్ని నెలలుగా ఉంది, పొద్దున లేచినప్పుడు ఎలా ఉంటోంది, ఏ మందులు వాడుతున్నారు, ఎంత తాగుతారు, ఎన్ని కాలుస్తారు, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఈ ఆరూ దాచకుండా చెప్పండి. వచ్చింది పటుత్వం కోసమే అయినా, సమయానికి వస్తే గుండెను కూడా కాపాడుకుని వెళ్లొచ్చు.